యెహోషాపాతు దగ్గర తెగిన వంశం

లింబాయత్‌లో ముప్పై ఎనిమిదేళ్లు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపిన వలస కార్మికుడు నరహరిగారికి జీవితంలో ఒకే ఒక్క లోటు: మూడేళ్లు దొరకడం లేదు. ఆయనవి కావు, ఇశ్రాయేలు రాజులవి.

తోటి పనివాడొకడు ఊరికి వెళ్లిపోతూ ఇచ్చిన తెలుగు బైబిలులో ఆయన రాజుల గ్రంథాలు తప్ప మరేమీ చదవలేదు. సొలొమోను పోయాక రాజ్యం రెండుగా చీలింది. తరవాతెప్పుడో ఇటు యూదా రాజునూ, అటు ఇశ్రాయేలు రాజునూ యెహూ అనే సేనాని ఒకేసారి చంపాడు. ఆ మధ్య కాలం రెండువైపులా ఒకటే కావాలి, కాని యూదా రాజుల ఏలుబడులు కూడితే తొంభై అయిదేళ్లు, ఇశ్రాయేలు రాజులవి కూడితే తొంభై ఎనిమిది.

“గా మూడేండ్లు ఏడ వోయినయి, రావు సారూ?” అంటూ 2018లో మా డిండోలి ఇంటికి వచ్చారు. నా దగ్గర నలభై ఏళ్ల పంచాంగాలు వరస తప్పకుండా ఉన్నాయని ఎవరో చెప్పారట.

“పంచాంగంలో యూదా రాజులు ఉండరండీ.”

“మరి గన్ని పుస్తకాలల్ల ఏం రాసిండ్రు సారూ?”

నలభై సంపుటాల తరఫున నేను నొచ్చుకున్నాను. ఆయన మాత్రం కాఫీ తాగి, మర్నాడూ వచ్చారు.

ఆయన భార్య పోశమ్మ ఒకసారి నాతో మొరపెట్టుకుంది. “మా లగ్గం ఏ సంవత్సరమైందో అడుగుండ్రి సారూ, తెల్వదు. ఆసా అన్నటోడు నలభై ఒక్క ఏండ్లు ఏలిండంట, గది మాత్రం తెల్సు!”

2021 ఏప్రిల్‌లో, ఊరంతా తలుపులు మూసుకుని దగ్గుతున్న రోజుల్లో, ఈ రాజుల వ్యాధి ముదిరింది. నరహరిగారు యూదా సింహాసనమెక్కిన ఇరవైమంది పేర్లూ కాగితం మీద రాసి, జిరాక్సు తీయించి, ఎరిగిన ఇరవై రెండిళ్ల తలుపుల సందులో వేశారు. రోజూ ఉదయం ఏడు నుంచి వరసగా ఫోన్లు. కాగితం చూసి పేర్లన్నీ ఏకబిగిన చదవాలి.

“నడుమ దమ్ము తీసుకోవద్దు సారూ. తీసుకుంటే వంశం తెగుతది.”

“దీనివల్ల మీ మూడేళ్లు దొరుకుతాయా?”

“ఏమో, ఏ రాజు ఎన్క దాక్కున్నయో!”

పక్క వీధి గంగవ్వ అయితే ఫోన్లోనే తిట్టింది. “పొయ్యి మీద పప్పు మాడవట్టె, నీకు మనష్షే గావాల్నా? నీ రాజుల మీద మన్ను వడ!” తిట్టి, మనష్షే దాటి యోషీయా వరకూ చదివింది.

ఆ వారం నాకు కొద్దిగా జ్వరం తగిలింది. ఎవరికీ చెప్పలేదు. సోమవారం మనష్షే వరకు, అంటే పద్నాలుగో పేరు దాకా చదివాను. మంగళవారం ఉజ్జియా దగ్గర, పదో పేరుకే ఆగాను. బుధవారం రెహబాము, అబీయా, ఆసా, యెహోషాపాతు... అంతే.

“వంశం తెగింది సారూ,” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇంతటి అమర్యాదను ఊరికే వదలకూడదని రెండు పేజీల అభ్యంతర పత్రం రాయడానికి కూర్చున్నాను. మొదటి పేజీ పూర్తికాక ముందే వాళ్ల వీధి కనకయ్య ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ముందు సీట్లో నరహరిగారు.

“ఎక్కుండ్రి సారూ.”

“ఒక రాజు పేరు చెప్పలేకపోయినందుకు శిక్షా ఇది?”

“ఏమండీ, వాదన తరవాత, ముందు ఎక్కండి!” అంటూ మా ఆవిడ విశాలాక్షి నన్ను లోపలికి నెట్టింది.

ఆసుపత్రిలో వేలికి తగిలించిన యంత్రం ఎనభై నాలుగు చూపింది. తొంభై అయిదూ కాదు, తొంభై ఎనిమిదీ కాదు. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఇంకొక్క పూట ఆలస్యమైతే నా వంశచరిత్ర అక్కడితో ఆగేదని డాక్టరు చెప్పాడు.

కోలుకున్నాక, సగం రాసిన అభ్యంతర పత్రంతోనే లింబాయత్ వెళ్లాను. పోశమ్మ ఆయన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో రాజుల ఏళ్లు లేవు. ఇరవై రెండు పేర్లు, తేదీలు, ఒక్క దమ్ములో ఎవరెన్ని పేర్లు చదివారో ఆ అంకెలు. “గంగవ్వ 16. సోమలింగం 3, ఆటో. రావు సారు 14, 10, 4, ఆటో.”

“బాగున్నారా అని అడిగితే సరిపోయేది కదండీ!”

“మంచిగున్నరా అంటే అందరు మంచిగనే ఉన్నమంటరు సారూ. మీరైతే అందరికంటె ముందుగాల అంటరు.”

ఇంటికొచ్చి, ఈ వ్యవహారానికి ఒక ఫైలు తెరుద్దామని పాత కాగితాలు తిరగేశాను. 2019 జూన్ తేదీతో నరహరిగారు నాకిచ్చిన పేజీ కనిపించింది. నేను ప్రతి కాగితాన్నీ భద్రపరుస్తాను. దీన్ని భద్రపరిచాను గాని చదవలేదు.

“పగటి పాళీ వాడు మొదలువెట్టిన గుడ్డ తాకాను రాత్రి పాళీ వాడు సాంచ మీదికెళ్లి దించుతడు. ఇద్దరూ నాదే అంటరు. ఇశ్రాయేలు రాజులదీ గంతే, కొత్త రాజు ఎక్కిన ఏడు పాత రాజుకూ, కొత్త రాజుకూ రాసిండ్రు. ఏడాదన్న ఏలినోళ్లు ఎనిమిది మంది, ఎనిమిది తీసేస్తే తొంభై. యూదాల ఆఖరి ఇద్దరూ గట్లనే రాసుకున్నరు, రెండు వోయినయి. యెహోషాపాతు మూడేండ్లు అయ్య పక్కకే కూసోని ఏలినట్టున్నడు, గవి రెండుసార్లు వడ్డయి. గదీ తొంభయే.”

వెంటనే ఫోన్ చేశాను. “లెక్క రెండేళ్ల కిందటే తేలిందా?”

“తేలింది సారూ.”

“మరి ఇన్నాళ్లూ తేలలేదన్నారేం?”

“తేలిందంటే నా ఫోన్ ఎవరు ఎత్తుతరు?”

మర్నాడు ఉదయం సరిగ్గా ఏడింటికి నేనే ఫోన్ చేసి, నాకు కొత్తగా ఒక సందేహం కలిగిందనీ, పేర్లు ఏకబిగిన చదవమనీ కోరాను. అరవై తొమ్మిదేళ్ల మనిషి రెహబాము దగ్గర ఎత్తుకుని, సిద్కియా దగ్గర దించారు. వెనక నుంచి పోశమ్మ “ఇగ సారుకు గూడ అంటుకున్నదా!” అంటోంది.

“నరహరిగారు, 20” అని రాసి, తేదీ వేసి, ఫైలులో పెట్టాను.