జవాబు చీటీ

1943 వేసవి, సోమవారం. హాజరు: మాస్టరుసాబు, మీసాల తాత, ఆయన ఇంటావిడ, నేను.

ఆ రోజుల్లో సిద్దిపేటలో ఎవరింటికైనా తార్ (టెలిగ్రాం) వచ్చిందంటే చదవకముందే ఏడ్చేవారు. నేనొక్కణ్ణే సంతోషించేవాణ్ణి. తారాఫీసులో రెండో కుర్చీ నాది, అదీ కచ్చా కొలువు (పెళ్ళిచూపుల్లో మాత్రం పక్కా అనే చెప్పించాను).

తార్ పంపేవారు జవాబు ఖర్చు కూడా ముందే కట్టే వీలుండేది. అందుకున్నవారికి తార్‌తో పాటు ఒక చీటీ ఇచ్చేవాళ్ళం. అది చూపితే, కట్టిన డబ్బుకు ఎన్ని మాటలొస్తే అన్ని మాటల జవాబు పైస లేకుండా పంపుకోవచ్చు. ఆ డబ్బును కట్టించుకున్న రోజే మా ఆమ్దానీగా, అంటే రాబడిగా, రాసుకునేవాళ్ళం. ఆ నెల కొత్త హుకుం వచ్చింది: జవాబు పోయిన రోజే, అది ఏ ఆఫీసు నుంచి పోతే ఆ ఆఫీసే రాసుకోవాలి. మా బట్టల సావుకార్లు బొంబాయికి జవాబు ఖర్చు కట్టని రోజు లేదు. అదంతా మా లెక్కలోంచి పోయింది. తీగ తెగలేదు, పని తగ్గలేదు, ఆమ్దానీ మాత్రం సగమైంది.

"రేపు పొద్దుగాల తనిఖీ సాబు వస్తుండు. గీ లెక్క జూస్తే రెండో కుర్చీ ఎత్తేస్తడు" అన్నారు మా తారాఫీసు పెద్ద మాస్టరుసాబు, నా మొహం చూడకుండా.

ఊళ్ళో వాడకుండా ఉన్న చీటీలు వాడితే ఆ డబ్బు మాదే కదా! రిజిస్టరు చూసి, వాడల వారీగా జాబితా రాసుకుని బయలుదేరాను. ఒకాయన నోటనుకుని పెట్టెలో దాచాడు. ఒకావిడ మనవడి తాయెత్తులో కట్టించింది. బతిమాలి నలుగురిని తారాఫీసుకు పంపించాను. చివరికి మీసాల తాత. కల్లు గీసే మనిషి. చెప్పకుండా షోలాపూర్ మిల్లుకు పోయిన కొడుకు, "ఇంటికి రానా?" అని తార్ కొట్టి పదిహేను రోజులైంది. చీటీ తాత రుమాలు మడతలోనే ఉంది.

"జవాబియ్యరాదు తాతా?"

"ఎందుకియ్యాలె? పోయేనాడు నన్నడిగిండా?"

"మీరియ్యకుంటె నా కొలువు పోతది."

తాత నవ్వాడు. "నా కొడుకు ఇల్లు చేరితె నీ కుర్చీ నిలుస్తదా? గిదేం లెక్కర పిలగా!"

ఆయనకు హుకుం మొత్తం వివరించాను (నాకే సరిగా అర్థం కాలేదు). లోపలి నుంచి ఇంటావిడ అరిచింది. "కొడుకు కోసం వద్దు తియ్యి! పాపం, గా పిలగాని కొలువు కోసమన్న రాయించు. నీ మీసం వంగదు లే!"

తాత రుమాలు విప్పి చీటీ తీశాడు. "సరే, నీ కోసమే. 'రా' అని కొట్టు. మిగిలిన మాటల పైసలు నాకు వాపసియ్యి."

"వాపసు రావు తాతా."

"అయితే 'నిన్ను గన్న అవ్వ ఏడుస్తుంది' అని గూడ కలుపు" అన్నాడు, మొహం తిప్పుకుని.

ఆ సాయంత్రం డైరీలో "చీటీలు అయిదు చెల్లినవి" అని రాసుకున్నాను. ఒక కొడుకు ఇల్లు చేరబోతున్నాడన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇప్పుడు చదివితే అది రాసిన కుర్రవాడి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

మర్నాడు పొద్దున తనిఖీ సాబు పుస్తకం తిరగేస్తూ పెదవి విరుస్తుండగా తాత వచ్చాడు. చేతిలో చిల్లర. "పట్నం టేషనుకు నేనే ఎదురువోత, ఏ బండికి దిగుతడో నా కొడుకునడుగు. జవాబు పైసలు గూడ కడుత. మల్ల నీ కొలువు పోవద్దు."

ఆ జవాబు పైసలు కొత్త హుకుం ప్రకారం షోలాపూర్ ఆఫీసుకే పోతాయని, మా లెక్కలోకి రావని ఆయనకెలా చెప్పను? తనిఖీ సాబు సంగతంతా అడిగి తెలుసుకుని, పుస్తకం మూసి, మాస్టరుసాబుతో అన్నారు: "గీ పోరడు నిన్న ఊరంత దిరిగి జవాబులు దెచ్చిండు. నేనైతె ఎత్తేయ. కుర్చీ ఉండనియ్యి."