వాపసొచ్చిన కూర

మా మేనత్త సోమవారం పొద్దున నల్గొండ దవాఖానలో కన్నుమూసింది. ఫోను పెట్టేశాక నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఉన్నన్నాళ్లూ ఆమె ఎవరినీ కుదురుగా ఉండనివ్వలేదు, పోయాకా అంతే.

మర్రిగూడ దగ్గర గొర్రెలు పెంచేది. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించిన ప్రతి గొర్రెకూ నుదుట నీలిరంగు పూసేది. మందు ఒంట్లోంచి పోవడానికి పశువుల డాక్టరు చెప్పిన గడువు తీరి, ఆ రంగు తుడిచేదాకా అమ్మేది కాదు. బొట్టుపెట్టి పెండ్లికి తోలుతున్నవా అని ఊళ్లోవాళ్లు ఆటపట్టించేవారు.

ఈ పట్టింపు మొదటినుంచీ లేదు. ఒక ఏడు, మాంసం ఎగుమతి చేసే కంపెనీకి గొర్రెలు కొనిపెట్టే ఆయన వచ్చాడు. మన మాంసంలో మందు ఆనవాళ్లున్నాయని పరాయి దేశం ఓడరేవులోనే ఆపి తిప్పి పంపిందన్నాడు. జనం ఆరోగ్యం కోసమని వాళ్లు, సొంత రైతుల కోసం పెట్టిన సాకని మనవాళ్లు, రెండు సర్కార్లూ తగువు పడుతున్నాయట. అంతా విని అత్త ఒక్కటే అడిగింది. మా దిక్కు ఉత్త ‘కూర’ అంటే యాటమాంసమే, గొర్రెదో మేకదో; మిగతావన్నీ పేరు పెట్టి పిలవాలి.

“వాపసొచ్చిన కూర ఏంజేసిన్రు?”

“ఏంజేస్తం పెద్దమ్మా, ఈడనే అమ్మినం. మనోళ్లకేమైతది?”

ఆ మాట ఆమెకు నిద్ర లేకుండా చేసింది. డాక్టరును అడిగింది, సర్పంచును అడిగింది, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లనూ వదల్లేదు.

నా కొడుకు పుట్టువెంట్రుకల దావత్‌కు నాయిన రెండు పొట్టేళ్లు అడిగాడు. మందకంతా మందు తాగించి వారమే అయింది. తోడబుట్టిన తమ్ముడని కూడా చూడకుండా లేదు పొమ్మంది.

“పరాయోళ్లు వద్దన్నది నా మనుమనికి పెడ్తనా తమ్మీ?”

బయట కొందామంటే, దానికి మందు ఎప్పుడు తాగించారో కనుక్కున్నారా అని వెంటపడింది. చివరికి పప్పూ గుడ్లూ వడ్డించాం. వియ్యాలవారు సగంలోనే లేచి చేతులు కడుక్కున్నారు. నాయిన ఆమెతో మాట మానేశాడు. నాకూ ఒళ్లు మండింది. ఇప్పుడనిపిస్తోంది, నా పిల్లవాడి విస్తరి గురించి అంతగా కొట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

దహనం అయ్యాక కారులో తిరిగి వస్తున్నాం. హైవే మీద మాంసం కంపెనీ ఫ్రీజర్ లారీ ఒకటి ముందు పోతోంది. తాళం వేసిన తలుపుల కింది నుంచి నీళ్లు కారుతున్నాయి. దాటబోతుంటే నాయిన మా డ్రైవరు భుజం పట్టుకుని ఆపాడు.

“జర అడుగు బిడ్డా. అది ఓడకు పోతాందా, వాపస్ వస్తాందా?”

డ్రైవరు నా వైపు చూశాడు. ఆ లారీ వెనకాలే చాలాదూరం పోయాం.