స్విచ్చాఫ్ చేసినా మోగుతుందనుకున్నా

మా ఆయన ఆ టచ్ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలిగింది. అడక్కుండా ఏదీ తెచ్చే మనిషి కాదు. సిమెంటు లారీ నడుపుతాడు, జగ్గయ్యపేటలో లోడెత్తుకుని విజయవాడ అవతల ఊళ్ళకి పోతాడు, వారంలో ఇంట్లో పడుకునేది ఏ రెండు రాత్రులో. ఆయన ఫోన్ అంతకుముందే లారీ చక్రం కింద పడి నుజ్జయింది. "నీ పాతది నాకివ్వు. చార్జింగు ఎన్ని రోజులైనా ఉంటుంది, దారిలో పనికొస్తుంది. నీకిది" అన్నాడు. అప్పుడర్థమైంది. మంచిది ఆయన తీసుకుని గొప్పది నాకిచ్చాడు.

అప్పటికి మా వీధిలో టచ్ ఫోన్ ఎవరికీ లేదు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతా. కొలతలివ్వడానికొచ్చే ఆడాళ్ళు ముందు ఫోన్ చూసి, తర్వాత గుడ్డ బయటికి తీసేవాళ్ళు. "నీకేంటమ్మా, పెద్ద ఫోన్" అనేవాళ్ళు. నాకేంటో నాకే తెలుసు. మోగితే ఎత్తడానికి పచ్చ గుండ్రాన్ని పక్కకి లాగాలట. మిషన్ నూనె అంటిన వేలితో లాగితే జరగదు. పిండి చేత్తో లాగితే జరగదు. చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని వచ్చేసరికి అవతలివాళ్ళకి విసుగొచ్చి పెట్టేసేవాళ్ళు. చచ్చీచెడీ ఎత్తినా, చెవి దగ్గర పెట్టుకుంటే చెంప తగిలి కట్టయిపోయేది. ఒకావిడ జాకెట్టు చేతులు బిగుతయ్యాయని చెప్తుంటే అట్లాగే కట్టయింది. నేను కావాలని పెట్టేసాననుకుని, సాయంత్రం వచ్చి ఇంకా కత్తెర పెట్టని రెండో గుడ్డ పట్టుకుపోయింది. ఫోన్ చేసిన పనమ్మా అంటే నమ్మితేగా.

ఇంక బాలెన్సు సంగతి చెప్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొద్దున రీచార్జి చేయిస్తే సాయంత్రానికి ఉండేది కాదు. నేను ఎవరికీ చేయలేదు మొర్రో అంటే, "నెట్ ఆన్‌లో ఉందమ్మా, దానంతటదే తినేస్తుంది" అన్నాడు షాపాయన, అదేదో వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా. నేను వాడకుండా అదెట్లా వాడుతుంది? నన్ను అడిగిందా? ఆఫ్ చేసి ఇమ్మన్నా. ఇచ్చాడు. ఇంటికొచ్చాక మా పాప ఎక్కడో వేలు పెట్టింది, మళ్ళీ ఆన్. కరెంటు పోతే పాత ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే టార్చి వెలిగేది. దీంట్లో టార్చి ఎక్కడుందో వెతుక్కోవడానికి ఇంకో టార్చి కావాలి. చార్జింగా, పొద్దున నిండా పెడితే దీపాలు పెట్టే వేళకి ఎర్ర గీత.

ఇవన్నీ ఎట్లాగో భరించా. ఒక్క ఆదివారం సంగతి మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు.

ఆ ఏడు రంజాను వానలు పడాల్సిన రోజుల్లో వచ్చింది, వానల్లేవు. ఎండలు మండిపోతున్నాయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలీదు. మా పాప అప్పుడు మూడో క్లాసు. ముందు ఏడాది నుంచి ఒకటే నస, నేనూ ఒక్కపొద్దుంటా అని. రోజాని మా ఇళ్ళల్లో ఒక్కపొద్దనే అంటాం. పిల్లలు మొట్టమొదట రోజా ఉన్న రోజున కొత్త బట్టలేస్తారు, సాయంత్రం ఇఫ్తార్‌కి చుట్టాల్ని పిలుస్తారు, అందరి ముందూ మెళ్ళో పూలదండ వేస్తారు. ఆ దండ నాన్నే వేయాలని దాని పట్టు. ఆయన ఆ ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరతానన్నాడు, మళ్ళీ రాత్రికే లోడు. అది తప్పితే పండగ లోపల ఆయన ఇంట్లో ఉండే సాయంత్రం ఇంకోటి లేదు. అందుకని ఆ రోజే ఖాయం చేసుకున్నాం. నేను గులాబీ రంగు గౌను కుట్టా, నందిగామలో ఉన్న మా అక్కకి కబురు చెప్పా.

సహరీకి, అంటే తెల్లవారుజామున తినడానికి, మమ్మల్ని లేపేది కూడా ఆ అక్కే. తను లేవగానే నాకొక మిస్డ్ కాల్ ఇచ్చేది. మా ఇల్లు హైవే పక్కన కొత్త కాలనీలో. గాలి ఇటు తిరిగితే తప్ప మసీదు మైకు వినపడదు. మా అత్తయ్యకి చెవులు సరిగా వినపడవు, నేను భుజం తట్టి లేపితేనే లేస్తుంది. కాబట్టి ఇల్లు లేవాలంటే అక్క మిస్డ్ కాలైనా రావాలి, నేను పెట్టుకున్న అలారమైనా మోగాలి.

శనివారం సాయంత్రం పోయిన కరెంటు పడుకునే వేళకి కూడా రాలేదు. ఫోన్ చూస్తే చార్జింగు అడుగంటింది. తెల్లారేదాకా ఆగదు. పాత ఫోన్‌తో ఇట్లాంటప్పుడు నేను చేసే పని ఒకటుండేది. అలారం పెట్టి స్విచ్చాఫ్ చేసేసేదాన్ని. టైముకి అదే లేచి మోగేది. ఎన్నిసార్లు చేసానో లెక్కలేదు, ఒక్కసారి కూడా మోసం చేయలేదు. అంత చిన్నదే మోగితే ఇంత పెద్దది మోగదా అనుకున్నా. అలారం పెట్టా, ఒకటికి రెండుసార్లు చూసుకున్నా, స్విచ్చాఫ్ చేసి దిండు పక్కన పెట్టుకున్నా. అక్క మిస్డ్ కాల్ రాదని తెలుసు. అలారం ఉందిగా అని ఊరుకున్నా.

పాప రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. సహరీకి సేమ్యా చేస్తానన్నానని, దానికి చోటు ఉంచుకుంటానని రెండు ముద్దలకే లేచింది. "అమ్మా, లేపడం మర్చిపోవుగా?" అని అడిగింది. "ఫోన్ లేపుతుందిలే, పడుకో" అన్నా.

పాలాయన హారన్‌కి మెలకువొచ్చింది. కిటికీ తెల్లగా ఉంది. ఫోన్ ఆన్ చేస్తే ఏదో రంగుల బొమ్మ, దానికో సంగీతం, అన్నీ అయ్యాక తీరిగ్గా వెలిగింది. పెట్టిన అలారం పెట్టినట్టే ఉంది, మీద గడియారం గుర్తుతో సహా. నేను దాన్ని చూస్తుండగానే చార్జింగైపోయి ఆరిపోయింది. స్విచ్చాఫ్ చేస్తే వీటిలో అలారం మోగదని తర్వాత షాపాయన చెప్పాడు. అమ్మేవాళ్ళకి ఆ ముక్క ముందే చెప్పడానికి ఏం రోగమో. నేలకేసి కొడదామనిపించింది. ఆయన కష్టం గుర్తొచ్చి ఊరుకున్నా.

అత్తయ్య తల పట్టుకుంది. "సహరీ తినకపోయినా మనం ఉండొచ్చు, మనం పెద్దాళ్ళం. పిల్లకొద్దమ్మా, దానికి ఇంకోసారి పెడదాం" అంది. నాకూ అదే మంచిదనిపించింది. పాప వినలేదు. "నేను రాత్రే ఉంటానని అనేసుకున్నా. నాన్న ఇవాళే వస్తాడు" అంది. సేమ్యా చేసి ముందు పెట్టా. గిన్నె పక్కకి జరిపేసి వాకిట్లోకెళ్ళి కూర్చుంది. కొట్టడానికి చెయ్యెత్తి మళ్ళీ దించేసా. తిండి తినమని కొట్టొచ్చు గానీ, ఒక్కపొద్దుంటానన్న పిల్లని ఏమని కొడతాం?

ఆయనకి చెప్పాలి. ఆయన మాటైతే వింటుంది. కరెంటు ఎండెక్కాక వచ్చింది, ఫోన్ గోడకి తగిలించా. సాయంత్రం బజ్జీలకని సెనగపిండి ముందే కలుపుతుంటే ఆయనే ఫోన్ చేసాడు. పరిగెత్తా. చేతి నిండా పిండి. లాగా, జరగలేదు. మోచేత్తో లాగా, జరగలేదు. కుళాయి దగ్గరికెళ్ళి వచ్చేసరికి ఆగిపోయింది. తిరిగి చేస్తే బాలెన్సు లేదంది ఒకామె, ఎంతో మర్యాదగా. పక్కింటి టీచరుగారి ఫోన్ అడుగుదామంటే ఆదివారం కదా, వాళ్ళంతా చర్చికి పోయారు. వాళ్ళొచ్చాక ఆ ఫోన్ నుంచి చేస్తే ఈయన ఎత్తలేదు, బండి మీదున్నాడు. ఇంట్లో అంత పెద్ద ఫోన్ పెట్టుకుని ఒక్క మాట మా ఆయన చెవిన వేయలేకపోయా. ఏడుపొచ్చింది నాకు, కోపంతో.

మధ్యాహ్నం దాటాక పాప మాటలు తగ్గిపోయాయి. బండల మీద బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించుకుంది. కాసేపటికి లేవబోయి గోడ పట్టుకుంది. పెదాలు తెల్లగా అయిపోయాయి. ఇంక నా వల్ల కాలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి దాని నోటి దగ్గర పెట్టా. మొహం తిప్పుకుంది. "తాగుతావా, నన్ను చంపుతావా?" అని అరిచా. తాగింది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తాగింది, గ్లాసు మొత్తం తాగింది. తర్వాత సేమ్యా కూడా నాలుగు చెంచాలు పెట్టా. దాని మొహం తుడుస్తూ, "ఎవరికీ తెలీదులే. నువ్వు చెప్పకు, నేనూ చెప్పను. నాన్న దండ తెస్తాడు, వేయించుకో" అన్నా.

సాయంత్రం అక్క నందిగామ బస్సు దిగి ఆటోలో వచ్చింది. వస్తూనే, "ఏంటే, పొద్దున చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. లేచుంటార్లే అని నేను ఊరుకున్నా" అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయా. పక్కింటి టీచరుగారూ ఆవిడ కోడలూ వచ్చారు. పాప గులాబీ గౌను వేసుకుని చాప మీద బుద్ధిగా కూర్చుంది. అందరూ బుగ్గలు పుణికేవాళ్ళే, మొదటి ఒక్కపొద్దు ఎంత బాగా ఉందో అనేవాళ్ళే. అది తల వంచుకుని గౌను అంచు చుట్టుకుంటోంది.

ఆయన ఇఫ్తార్‌కి ఇంకా కాస్త టైముందనగా వచ్చాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, చేతిలో తడి గుడ్డలో చుట్టిన దండ. మల్లెలూ గులాబీలూ, నందిగామలో దగ్గరుండి కట్టించాడట. లారీ మీదున్నా సరే ఆయన రంజాను ఒక్కపొద్దు వదలడు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉందని అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా వినడు. గబగబా కాళ్ళూ చేతులూ కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చి, "ఫోన్ తే, దండ వేసేటప్పుడు ఫోటో తీయి" అన్నాడు నాతో. ఫోన్ తీసా. కరెంటు మధ్యాహ్నమే మళ్ళీ పోయింది. చార్జింగు తక్కువ ఉంది, కెమెరా తెరుచుకోదని రాసి చూపించింది. నొక్కా, మళ్ళీ అదే. ఆ ఒక్క రోజుకి, ఆ ఒక్క క్షణానికి కూడా పనికిరాలేదు. మిషన్ మీదికి విసిరేసా.

ఆయన నవ్వుతూ పాప ముందు కూర్చుని దండ ఎత్తాడు. పాప ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్నా, నేను మధ్యాహ్నం నీళ్ళు తాగా" అంది. "సేమ్యా కూడా తిన్నా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అక్క నా వంక చూసింది. టీచరుగారు, "చిన్నపిల్లలకి పట్టింపేముందమ్మా, వేయించుకో" అన్నారు. పాప తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దన్న మాట నాది.

ఆయన దండ ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరిపోయింది. నేనూ తాగేసానమ్మా" అన్నాడు. "కీసర దగ్గర. ఎండకి తట్టుకోలేక బండాపి కొబ్బరి బోండం కొట్టించుకున్నా. ఎట్లా చెప్పాలా అని వచ్చిందగ్గర్నుంచీ చూస్తున్నా."

"నిజంగా?" అంది పాప.

"నిజంగా. మీ నానమ్మ తిడుతుందని భయమేసింది."

నేను ఆయన మొహం చూసా. పెదాలు పగిలి పొట్టు లేచి ఉన్నాయి. మాట్లాడుతుంటే నాలుక పైకి అంటుకుపోతోంది, ఒక్కో మాట పట్టి పట్టి వస్తోంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి నాతో అబద్ధమాడగా నేను చూడలేదు, అదీ ఒక్కపొద్దు నోటితో. పాప మాత్రం ఊపిరి వదిలి, ఆయన పక్కకి జరిగి కూర్చుంది. "అయితే ఇద్దరికీ దండ లేదు" అంది. "లేదు" అన్నాడు.

టైమైంది. పాపే ఖర్జూరం ఒకటి తీసి సగం ఆయన నోట్లో పెట్టి, సగం తను తింది. ఆయన గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసాడు. అత్తయ్య నింపింది. అదీ తాగేసాడు. ఆమెకి ఇంతసేపూ జరిగిన మాటలు వినపడలేదు, కానీ కొడుకు తాగే తీరు కళ్ళకి కనపడుతోంది. కూజా ఒంచుతూనే ఉంది. ఆయన గ్లాసు దించకుండా తాగుతూనే ఉన్నాడు, నీళ్ళు గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

"అన్ని తాగుతున్నావేంటి నాన్నా? కీసరలో తాగావుగా" అంది పాప.

ఆయన గ్లాసు మళ్ళీ అత్తయ్య వైపు చాపాడు.

"ముదురు కాయ కొట్టాడమ్మా వాడు" అన్నాడు. "గుక్కెడు నీళ్ళు కూడా లేవు దాంట్లో."