అంబుజం లంకలో దిగింది

రాజపాళయంలో అంబుజం నాలుగు చక్రాల బ్యాటరీ స్కూటర్‌కి వేగం తక్కువ, హారన్ ఎక్కువ. మిల్లులో ముప్పై ఏళ్లు దూది బేళ్ల బండ్లు తోసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి, ఇప్పుడు ఎక్కడికైనా దాని మీదే. వెనకనుంచి ఎవరైనా సాయానికి చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీసేదాకా బండి కదపదు. మొన్న తమ్ముడు అళగిరితో చెన్నైలో ఓడ ఎక్కి శ్రీలంక వెళ్లింది. రేవులోకి దిగే వాలుబల్ల మరీ ఏటవాలుగా ఉంది, స్కూటర్ దొర్లిపోతుందని ఓడ ఆఫీసరు బల్ల మీద అడ్డంగా నిలబడ్డాడు. “అక్కా, నువ్వు షిప్పులోనే ఉండు. పోటోలు తీసుకొని వస్తా,” అన్నాడు అళగిరి. “నీ పోటోలు చూసేదానికా రా నేను ఇంత దూరం వచ్చినాను?” అంది అంబుజం.

మిల్లులో బరువు బండిని వాలు మీద ఎప్పుడూ వెనక్కి తిప్పే దించుతారు. ఆమె స్కూటర్‌ని అలాగే తిప్పి, ఓడ వైపు ముఖం పెట్టి, హారన్ కొడుతూ అంగుళం అంగుళం దిగింది. ఆఫీసరు వెనక్కి వెనక్కి నడిచి ఆమెకంటే ముందే లంకలో దిగాడు. పైన అళగిరి బొజ్జ రెయిలింగుకి ఆనించి, కిందికి చూసి, దిగడానికి భయపడి రెండు చేతులా దాన్నే పట్టుకున్నాడు.

“నువ్వూ తిరుక్కొని దిగు రా!” అని అరిచింది అంబుజం. “బరువు సామాను అట్లానే దించాల!”