తాలు కాయల ఉదాహరణ

ఆమెకు మౌస్ పట్టుకోవడం నేర్పింది నేను. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. ప్రత్తిపాడు దగ్గర బడిలో నేను లెక్కల టీచర్ని, ఆమె తెలుగు టీచరు, నాకంటే చాలా చిన్నది. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్లు లేక ఆ పని మా ఇద్దరికీ అంటగట్టారు. ల్యాబ్ తాళంచెవి మాత్రం మొదటినుంచీ నా దగ్గరే ఉంటుంది.

మొన్న మిరపకోతల రోజుల్లో మాలాంటి టీచర్లకు గుంటూరులో శిక్షణ పెట్టారు. ఆఖరి రోజు అందరూ తలా ఒక పాఠం చెప్పి చూపించాలి. బాగా చెప్పిన ఒకరిని జిల్లా శిక్షకురాలిగా తీసుకుంటారు. ఆ ఒక్కరూ నేనే కావాలని ఎంత ఆశపడ్డానో ఇంట్లో కూడా చెప్పలేదు.

ముందురోజు సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే ఆమె ఒకటే దిగులు. కంప్యూటర్‌కి ‘ఇలా ఉంటే ఇది చెయ్, లేకపోతే అది చెయ్’ అని చెప్పే ‘ఇఫ్-ఎల్స్’ పిల్లలకు ఎలా చెప్పాలో తోచడం లేదట. రోడ్డు పక్క కల్లంలో ఆడవాళ్లు ఎండుమిరపకాయలు ఏరుతున్నారు. రంగుపోయి తెల్లబడిన తాలు కాయలు ఒక కుప్ప, ఎర్రటివి ఇంకో కుప్ప. వాళ్ల చేతులు చేసేది అదేకదమ్మా, తెల్లగా ఉంటే అటు, లేకపోతే ఇటు అన్నాను. ఏదో కాలక్షేపానికి అన్న మాట.

నేను మాత్రం అదే పాఠానికి పాస్ మార్కులొస్తే ఇటు, రాకపోతే అటు అంటూ రంగురంగుల స్లైడ్లు చేసుకున్నాను. జిల్లా అధికారుల ముందు మిరపకాయల గురించి మాట్లాడటం నామోషీ అనుకున్నాను.

మర్నాడు ఆమె సంచి నిండా కాయలు తెచ్చి బల్లమీద గుమ్మరించింది. టీచర్లందరి చేతా ఏరించింది. హాలంతా తుమ్ములు, నవ్వులు. అధికారి కూడా కుర్చీ దిగి వచ్చి నాలుగు తాలు కాయలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత అదే పనిని కంప్యూటర్లో రాసి చూపిస్తే అందరికీ ఇట్టే తలకెక్కింది. అంతటితో ఊరుకుందా, నా వైపు చెయ్యి చూపించింది.

“ఈ ఉదాహరణ మా అక్కదండీ. నాకు అన్నీ నేర్పింది ఆవిడే.”

చప్పట్లు కొట్టారు. తనదని చెప్పుకున్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక వంక దొరికేది. ఆ తర్వాత నా వంతు వచ్చింది. నా స్లైడ్లు నడుస్తున్నంతసేపూ అధికారి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం ఆమె పేరు చదివారు. చాలా సంతోషమమ్మా అంటూ భుజం తట్టాను. లోపల ఎంత ఏడ్చుకున్నానో నాకు తెలుసు.

తిరుగు బస్సులో కిటికీ సీటు నేను తీసుకున్నాను. వచ్చే వారం నుంచే ఆమెకు తరగతులట. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే లూప్ గురించి చెప్పాలట, ఉదాహరణ ఒకటి కావాలట. బయట కల్లంలో ఒకావిడ ఆరబోసిన కాయల్ని కాళ్లతో తిరగేసుకుంటూ ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ ఈ చివరికి వస్తోంది. ఏమీ తోచడం లేదు, తలనొప్పిగా ఉందన్నాను.

ఆమె నా మీదుగా కిటికీలోకి వంగింది.

“అక్కా, అటు చూడండి. కాయ ఎండేదాకా ఆవిడ అలా తిరగేస్తూనే ఉంటుంది కదా?”

అవునన్నాను. కానీ ముందు చూసింది నేనే.