అధ్యాయం అయ్యాకే ఆమేన్

మా సండేస్కూలు టీచరమ్మగారు పోయారు. క్రిస్మస్‌కి ముందు, అవనిగడ్డలో కూతురింట్లో, పొద్దున కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట. కబురు విన్నవాళ్ళంతా "మహా సాత్వికురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అన్నారు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. ఆవిడ అన్నారు. చర్చిలో, అందరి ముందూ, గట్టిగానే అన్నారు. అందుకే నేనింకా ఆ చర్చికి వెళ్తున్నాను.

మాది దివిసీమలో చిన్న ఊరు. టీచరమ్మగారు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం పిల్లలకీ, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా ఆడవాళ్ళకీ బైబిలు చెప్పేవారు. ఎవరైనా ఒక్క వచనం చదివి ఆపితే కళ్ళజోడు పైనుంచి చూసి "రెండు వచనాలు పైకెళ్ళు" అనేవారు. అది చదివాక "ఇప్పుడు కిందికి రా" అనేవారు. ఆకలికి మా కళ్ళు తిరుగుతున్నా వదిలేవారు కాదు. "అధ్యాయం అవకుండా ఆమేన్ ఏంటమ్మా? అన్నం సగంలో చెయ్యి కడుక్కుంటావా?" అనేవారు. తిండి లేని రోజున ఆ పోలిక ఏమిటని మేం గొణుక్కునేవాళ్ళం.

మా చర్చిలో జనవరి ఒకటిన వాగ్దాన కార్డులు పంచుతారు. స్టీలు పళ్ళెంలో బోర్లించిన కార్డులు వరుసల వెంట వస్తాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే, దానిమీదున్న వాక్యం ఆ ఏడాదికి మనది. ఇంటికి తెచ్చి బీరువా అద్దానికో, తలుపుకో అంటించుకుంటాం. టీచరమ్మగారు మాత్రం పళ్ళెం రాగానే పక్కవాళ్ళకి అందించేసేవారు. "దేవుడు నాకు పుస్తకమంతా ఇచ్చాడు, ముక్కెందుకు?" అనేవారు.

తొంభైల చివర్లో ఒక ఏడాది, ఏ అపాయమూ నా ఇంటి దరిదాపులకు రాదన్న కార్డు నాకొచ్చింది. మురిసిపోయి తలుపు మీద అంటించాను. ఆ వానాకాలం పొలం గట్టు మీద మా ఆయన్ని పాము కరిచింది. ఆటో ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

సమాధి అయ్యాక మమ్మల్ని ఓదార్చడానికి చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో సంఘ పెద్దగారు లేచారు. "దేవుడి వాగ్దానం తప్పదమ్మా. నీ విశ్వాసంలోనే ఎక్కడో లోటుంటుంది. పరీక్షించుకో" అన్నారు. నేను తల దించుకున్నాను. నిజమేనేమో అనుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆడవాళ్ళ చాపల మీంచి టీచరమ్మగారు లేచి నిలబడ్డారు.

"పెద్దగారూ, ఆ కార్డు మీదున్న కీర్తనే యేసయ్యకి అప్పజెప్పిందెవరండీ?"

జవాబు ఆవిడే చెప్పారు.

"సైతాను. గుడి మీంచి దూకు, నీకేం కాదులే అని. సైతానుకి వచనాలు బాగా నోటికొచ్చండీ. అధ్యాయాలతోనే వాడికి పని లేదు."

"అమ్మా, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని రాసుంది."

"అదీ ముక్కేనండీ. ఆ మాట రాసున్న ఉత్తరమే కాస్త పైకెళ్ళి చదవండి. ఆడవాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు ఎలా ఉండాలో రాసుంది. మౌనంగా ప్రవచిస్తారా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దగారు కూర్చున్నారు. టీచరమ్మగారు వచ్చి నా పక్కన కూర్చుని, కూడిక అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు బైబిలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. నేను తలుపు మీది కార్డు పీకబోతే ఆపారు. "చించకు. అదీ దేవుడి మాటే. దాన్ని ఒంటరిగా ఉంచకు, అంతే." యోబు గ్రంథం మొత్తం చదివించారు. ఏ తప్పూ చెయ్యకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుని, నీ తప్పే, నీ తప్పే అని స్నేహితులు పొడిచే పేజీలు ఒక్కటీ దాటనివ్వలేదు. "చివర్లో దేవుడి కోపం ఎవరి మీద రగిలిందో చూడు" అన్నారు. ఆ స్నేహితుల మీదే. ఇంకో రోజు చీకటితోనే ముగిసిపోయే ఒక కీర్తన చదివించారు. అందులో ఓదార్పు లేదు, స్తోత్రం లేదు. "దీన్ని ఎవరూ కార్డు మీద అచ్చు వెయ్యరు. దేవుడు మాత్రం తన పుస్తకంలోంచి తీసెయ్యలేదు. ఏడుస్తావో, ఆయన్ని అడుగుతావో, నీ ఇష్టం" అన్నారు. ఆ రోజు దేవుడితో బిగ్గరగా పోట్లాడాను. ఆవిడ ఆపలేదు. అంతకుముందు నాకున్నది విశ్వాసమో, అదృష్టం మీద ఆశో తెలియదు. విశ్వాసం మాత్రం ఆ మధ్యాహ్నమే మొదలైంది.

మొన్న జనవరి ఒకటిన పళ్ళెం మా వైపు వచ్చింది. టీచరమ్మగారు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. నేను కార్డు తియ్యకుండా పక్కావిడకి అందించాను. ఆవిడ నా మొహంలోకి చూసి, తనూ తియ్యకుండా అందించింది. అలా వరుసలన్నీ తిరిగి పళ్ళెం నిండుగానే ఆ పెద్దగారి చేతికే వెళ్ళింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారాయన.

"ఈ ఏడాది మాకు పుస్తకమంతా కావాలండీ" అన్నాను.

నేను కీర్తన సంఖ్య చెప్పగానే ఒళ్ళో బైబిళ్ళు తెరుచుకున్నాయి. ఆ చీకటి కీర్తన మొదటి వచనం నుంచి అందరం కలిసి చదవడం మొదలుపెట్టాం. పెద్దగారు ముగించే ప్రార్థన కోసం పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. ఒకసారి "ఆమేన్" అని చూశారు కూడా. మేం తలెత్తలేదు. అధ్యాయం ఇంకా అవలేదు.