కాలువ గట్టు మీద పడుగు

నిన్న సాయంత్రం మా అమ్మాయి నన్ను కర్నూలులో ఏటి ఒడ్డున కొత్తగా వేసిన పార్కుకు తీసుకుపోయింది. నాలాంటి ముసలివాళ్లూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లూ కూడా తిరగడానికి వీలుగా, ఎక్కడా మెట్టన్నది లేకుండా బాట వేశారు. పట్టుకుని నడవడానికి పక్కనే నడుము ఎత్తున ఇనుప కడ్డీ కూడా ఉంది. దాని మీద చెయ్యి వేసి పది అడుగులు నడిచానో లేదో, ఆగిపోయాను. ఆయాసమనుకుని అమ్మాయి నీళ్ల సీసా మూత తీసింది. అది ఆయాసం కాదు. సరిగ్గా ఆ ఎత్తులో చెయ్యి ఆనించి మా నాయన నడిచిన గట్టు ఒకటుంది, ఆ నడకను నా చేతులతో నేనే ఆపేసిన రోజూ ఒకటుంది. అరవై ఐదేళ్లు దాటినా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

యాభైలలో ఎమ్మిగనూరు నేతవీధులు చూసినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. తెలతెలవారుతుండగా వీధి పొడవునా పడుగు సాచేవాళ్లు. వందల నూలుపోగులను ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి, గంజి పట్టించి, అది ఆరేలోగా చెరో పక్క ఒక మనిషి కుంచెతో దువ్వుకుంటూ అటూ ఇటూ నడిచేవాడు, తెగిన పోగు కనబడితే అక్కడికక్కడే పురిపెట్టి అతికేవాడు. ఆ పని అయ్యేదాకా వీధిలోకి బండి రాదు, బర్రె రాదు. మా నాయన మగ్గం గుంటలో దిగితే మంచి పనివాడే గాని, పడుగు పక్కన నడకలో మాత్రం ఆయనకు సాటి లేరనేవాళ్లు. తెగిన పోగు కంటికి కనబడక ముందే ఆయన వేళ్లకు తెలుస్తుందని వీధిలో చెప్పుకునేవాళ్లు.

నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో తూకాల గుమాస్తాగా చేరిన మొదటి ఏడాది, సీజను ముగిసి మిల్లు మూసిన వారానికే నాయనకు కుడి పక్క పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, చెయ్యి రెండు నెలలకు కొంత దారికి వచ్చింది, కాలు మాత్రం రాలేదు. ఆదోని డాక్టరు చూసి, చదునైన నేల మీద రోజూ నడిపించమనీ, పడుకోబెట్టి వదిలేస్తే ఇక లేవడనీ చెప్పాడు. మళ్లీ కొత్త పత్తి వచ్చి మిల్లు తెరిచేదాకా నేను ఇంటి దగ్గరే ఉంటాను, ఆ తర్వాత ఆయనను లేపి పట్టుకోవడం అమ్మ ఒక్కతివల్ల కాదు. కాబట్టి ఆలోగా ఆయన తనంతట తాను నడవాలి. అంతే నా లెక్క.

మా వీధిలో నడవడానికి నాయన ఒప్పుకోలేదు. తను కుంచె పట్టి నడిచిన చోట కాలీడ్చుకుంటూ కనబడడం ఆయనకు చావుతో సమానం. అప్పట్లో తుంగభద్ర కాలువ కొత్తగా వచ్చింది, ఊరి బయట దాని గట్టు రాయీ రప్పా లేకుండా చదునుగా ఉండేది. మా మేనమామ ఎద్దుల బండిలో రోజూ పొద్దున ఆయనను అక్కడికి చేర్చేవాళ్లం. డైరీ రాసే అలవాటు నాకు అప్పటికే ఉంది కనుక, నడిచిన అడుగులు లెక్కబెట్టి రాసేవాణ్ణి. మొదటి రోజు పదకొండు. పదిహేను రోజుల తర్వాత కూడా ఇరవై దాటలేదు, అదీ నా భుజం మీద బరువంతా వేసి.

మామ నవ్వించబోయాడు. "ఏం బావా, కాలువకు కావలి పెట్టినారా నిన్ను?"

"కావలోనికి సేతిలో కట్టెన్నా ఉంటాది లేరా," అన్నాడు నాయన. "నాకు అదీ లేదు. ఊరికే ఈడ్నించి ఆడికి, ఆడ్నించి ఈడికి. ఇదేం నడకప్పా, పిచ్చోని మాదిరి!"

మామ ఈ మాట అమ్మకు చేరవేశాడు. మర్నాడు అమ్మ కూడా బండెక్కింది, ఒడిలో మిగులు నూలు, కాళ్ల దగ్గర నాలుగు తుమ్మ గుంజలు. గట్టు పొడవునా వాటిని పాతించి, పడుగు ఎత్తున పది పదిహేను పోగులు సాచింది. నాయన బండి దిగి చూసి మొహం చిట్లించాడు.

"ఎవరే దీన్ని బిగించింది? సడలు సడలుగా ఉండాది."

"సేతనైతే నువ్వే బిగించుకో పో," అంది అమ్మ.

ఆయన తిట్టుకుంటూ, నూలు మీద చెయ్యి ఆనించి, ఆ చివరి గుంజ దాకా పోయాడు. నేను పట్టుకోవడం మరిచిపోయాను. ఆ రోజు డైరీలో నూట పన్నెండు అడుగులు.

ఆ తర్వాత రోజూ పెరుగుతూ పోయింది. ఏ రోజు చూసినా రెండు మూడు పోగులు తెగి ఉండేవి, నాయన గాలినీ మేకలనూ తిడుతూ, వంకర వేళ్లతోనే అతుకుతూ నడిచేవాడు. వాటిని తెంపుతున్నది అమ్మేనని మామ నాకు చెప్పింది నాయన పోయిన తర్వాత. మూడు వందల అడుగులు దాటిన వారం మిల్లు నుంచి కార్డు వచ్చింది, పది రోజుల్లో రమ్మని. ఆదోనికి పోయి డాక్టరుకు నా డైరీ చూపించాను. అందులో 'ఆసరాతో' అని రాసి ఉంది. ఆయన గట్టును చూడలేదు, నూలును చూడలేదు, నేను రాసిందే చూశాడు. ఆసరా తీసెయ్యమన్నాడు, లేకుంటే నువ్వు పోయిన మర్నాడే పడతాడన్నాడు.

అమ్మ అడ్డుపడింది. "ఉండనీరా, నీకేం బరువైంది అది?" డాక్టరు మాట అన్నాను. మర్నాడు బండి రాకముందే పోయి గుంజలు పీకి, నూలు ఉండ చుట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

నాయన బండి దిగి ఖాళీ గట్టును చూశాడు. తర్వాత నా చేతిలోని ఉండను.

"పని అయిపోయిందా?" అన్నాడు.

అయిపోయింది, ఇంక ఊరికే నడువు నాయనా, అన్నాను. ఆయన ప్రయత్నించకపోలేదు. ఎడమ కాలు వేశాడు, కుడి కాలు కదలలేదు. రెక్క పట్టుకుంటే మనిషి మొత్తం నా మీదికి వాలిపోయి, మెల్లగా గట్టు మీద కూలబడ్డాడు. ఆ మర్నాడే నూలు మళ్లీ కట్టాను, ముందుకన్నా బాగా బిగించాను. నాయన బండిలోంచి దిగలేదు.

"అది పడుగు కాదని నాకు తెలీదనుకుంటివా?" అన్నాడు. "తెలిసే నడిచినా. ఇంగ సేత కాదు లేప్పా."

పత్తి బోరాల తూకం చూసి జీతం తీసుకునేవాణ్ణి. పది నూలుపోగులు ఒక కాకి బరువునైనా మోయలేవని నాకు తట్టలేదు. నూలు వెంట నడిచిన ఆ రెండు నెలలూ ఆయన బరువును ఆయన కాళ్లే మోశాయి. ఆసరా అని నేను రాసుకున్నదానిలో ఆసరా ఏమీ లేదు.

నాయన తర్వాత మూడేళ్లు మంచం మీదే బతికాడు. ఆదివారాలు ఆదోని నుంచి బస్సులో ఇంటికి వచ్చేవాణ్ణి. తెల్లవారుతూనే వీధిలో పడుగు సాచే మాటలూ, గంజి నూలు మీద కుంచెల చప్పుడూ మొదలయ్యేవి. అప్పుడు ఆయన అమ్మ వైపు చూసేవాడు, అమ్మ లేచి వీధి తలుపు మూసేది.

పోయిన ఏడాది ఆ వీధికి పోయి చాలాసేపు నిలబడ్డాను. సిమెంటు రోడ్డు పడింది, మగ్గాలు ఏ మూలో ఒకటీ అరా మిగిలాయి, తెల్లవారకముందే మోటారు సైకిళ్లు ఆ కొస నుంచి ఈ కొసకు దూసుకుపోతున్నాయి. వాటిని ఆపడానికి అక్కడ పడుగు లేదు. ఏటి ఒడ్డున ఇప్పుడు మనుషులు ఒట్టి చేతులతో, ఏ పనీ లేకుండా, నడక కోసమే నడుస్తున్నారు, వాళ్లకు అందులో సిగ్గు లేదు, ఉండనక్కరలేదు కూడా. మా నాయన కాలానికి అది తెలియలేదు, నాకు ఆయన తెలియలేదు. ఈనాడు మా పాత ఇంటి తలుపు రాత్రీ పగలూ బార్లా తీసి ఉంచినా, లోపల పడుకున్న మనిషికి వినబడకూడని చప్పుడు ఆ వీధిలో ఏదీ లేదు.